మెదడు కాడ ముచ్చట

మరపు మీద పోయిన నెల రాసింది చదివి మన వాడ ఆడబిడ్డ ఒకామె ఇంటికి వచ్చింది. "అన్నా, మా ఆయనకు మరపేం లేదు. ముప్పై ఏండ్ల కిందటి పగారు కూడా పైసలతో సహా చెప్తడు. కానీ రాత్రి నిద్రల తన్నుతడు, గుద్దుతడు, ఎవర్నో తిడుతడు. మొన్న నా దవడకు తగిలింది. పొద్దుగాల అడిగితే కలల కుక్క వెంటబడ్డది అంటడు. దీన్ని ఏమంటరు?" అని అడిగింది. ఇంట్లో పెద్దవాళ్లు గాలి సోకిందన్నరట, తాయెత్తు కట్టించిన్రట. డాక్టరుకు మాత్రం చెప్పలేదు. మొగుడు కొట్టిండని అనుకుంటరేమోనని సిగ్గు.

ఆమెకు జవాబు చెప్పాలంటే మెదడు కింది భాగం గురించి చెప్పాలె. మరపు, తెలివి అనగానే మనం నొసలు మీద వేలు పెట్టి చూపిస్తాం. మెడ వెనక, పుర్రె మొదట్లో చెయ్యి పెట్టి చూపించేవాణ్ణి నేను చూడలేదు. కానీ ముసలితనంలో తెలివి నిలబడాలన్నా, జారిపోవాలన్నా అక్కడి పనితనం కూడా లెక్కలోకి వస్తుందట. సంఘం హాలుకు నెలకోసారి వచ్చే డాక్టరమ్మను అడిగి, మనుమడితో చదివించుకొని, అర్థమైనంత రాస్తున్నా.

ఒక క్యాలీఫ్లవర్ పువ్వును యాది తెచ్చుకోండి. పైన పరుచుకున్న పువ్వు పెద్ద మెదడు. కింద కాడ ఉంటుంది చూడండి, దాన్ని పుస్తకాల్లో మెదడు కాండం అంటారు. నేను కాడ అనే రాస్తా. పొడుగు మూడు అంగుళాలు, లావు బొటనవేలంత. పై మెదడును వెన్నుపాముకు కలిపేది ఇదే. ఊపిరి, గుండె వేగం, రక్తపోటు, మింగడం, దగ్గడం, కనుగుడ్డు తిరగడం, చెవిలో పడ్డ చప్పుడు మెదడుకు ఎక్కడం, అన్నీ దీని చేతి మీదుగానే. మెదడు నుంచి వచ్చే 12 జతల నరాల్లో 10 జతలు ఈ కాడకే అంటుకొని ఉంటాయి.

మిల్లులో ఆఫీసు మేడ మీద ఉండేది, బాయిలర్ కింద వెనక మూలన ఉండేది. మేనేజరు సాహెబు కోటు వేసుకొని పైన తిరిగితే అందరూ చూసేవాళ్లు. బాయిలర్ ఖాతా మనిషిని ఎవడూ చూడడు. కానీ అది ఆగితే ఆ కోటు ఏం చేస్తుంది?

పొద్దుగాల భోంగా మోగితేనే వాడంతా లేచినట్టు, పై మెదడును లేపే భోంగా ఈ కాడలోనే ఉంది. 1949లో మొరుజ్జీ, మాగూన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మత్తులో ఉన్న పిల్లి మెదడు కాడకు సన్నగా కరెంటు తగిలించి చూశారు. పై మెదడు తరంగాలు నిద్ర లేచిన పిల్లి తరంగాల లెక్క మారిపోయాయి. మేలుకోవడమంటే పై మెదడు తనంతట తాను చేసే పని కాదనీ, కింద నుంచి ఎవరో లేపుతారనీ అప్పుడు తెలిసింది.

ఆ లేపేవాళ్లలో ఒక చిన్న చుక్క ఉంది. పేరు లోకస్ సెరూలియస్, అంటే నీలి చోటు. కోసి చూస్తే నీలంగా కనిపిస్తుందని ఆ పేరు. కాడకు కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి. పొడుగు సెంటీమీటరున్నర. మనిషి మెదడులో నరాల కణాలు దాదాపు 8,600 కోట్లు అంటారు. అందులో ఈ నీలి చుక్కలవి రెండూ కలిపితే 50 వేలు అటూఇటూ. కానీ వీటి తీగలు మెదడు మొత్తం పాకి ఉంటాయి. నోరాడ్రినలిన్ అనే మందును మెదడంతా చల్లుతాయి. కొత్త మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు తల ఎత్తి చూడడం, సాంచా మీద పోగు తెగంగనే చెయ్యి అటే పోవడం, విన్న మాట యాదిలో నిలవడం, వీటికి ఆ మందు కావాలె. వెయ్యి సాంచాల షెడ్డుకు ఒక్క జాబర్ తిరిగినట్టు అనుకోండి. వాడు రాని రోజు సాంచాలు ఆగవు గానీ బట్ట నిండా గల్తీలే.

ఇప్పుడు వయసు ముచ్చట. జర్మనీలో హైకో బ్రాక్ అనే పెద్ద డాక్టరు, ఆయన సాటి శాస్త్రవేత్త దెల్ త్రెదిచి కలిసి చనిపోయినవాళ్ల మెదళ్లు 2,332 పరీక్ష చేసి 2011లో రాశారు. ఏడాది పిల్ల నుంచి నూరేళ్ల ముసలి వరకు. అల్జీమర్ జబ్బులో మెదడు కణాల్లో టావు అనే పదార్థం చిక్కుపడుతుంది. ఆ చిక్కు మొదట్లో కనిపించిన చోట్లలో ఈ నీలి చుక్క ముందు ఉన్నది. అదీ ముప్పై ఏండ్లు నిండనివాళ్లలో కూడా. అంటే డెబ్బైలో కనిపించే మరపుకు ముడి పడుగు ఎక్కించే నాడే పడుతున్నదన్నమాట. ఇది చదివి గుండె జారిపోవాల్సిన పని లేదు. ఆ ముడి పడ్డవాళ్లందరికీ జబ్బు రాదు, చాలామంది నిక్షేపంగా బతికి పోతారు.

ఎవరికి రాదు, ఎందుకు రాదు అన్నది అసలు ప్రశ్న. అమెరికాలో చికాగో దగ్గర ముసలివాళ్లను ఏటేటా పరీక్ష చేసి, పోయాక వాళ్ల మెదడు చూసే పని ఒకటి చాలా ఏండ్లుగా నడుస్తున్నది. 2013లో వాళ్లు చెప్పిన మాట ఇది: నీలి చుక్కలో కణాలు ఎక్కువ మిగిలినవాళ్లకు తెలివి నెమ్మదిగా తగ్గింది, కణాలు పలచబడ్డవాళ్లకు తొందరగా తగ్గింది. మంది నిండా ఉన్న ఖాతా ఇద్దరు ముగ్గురు రాకపోయినా నడుస్తుంది కదా.

ఈ చుక్కకు విశ్రాంతి దొరికేది నిద్రలోనే. మనం నిద్రపోతే దాని వేగం తగ్గుతుంది, కలలు వచ్చే నిద్రలో దాదాపు నోరు మూసుకుంటుంది. రాత్ పాళీ చేసినవాళ్లకు ఆ విశ్రాంతి సరిగ్గా దొరకదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సిగ్రిడ్ వీజీ అనే ఆమె 2014లో ఎలుకలను మన రాత్ పాళీ లెక్క కొన్ని రోజులు మేలుకొని ఉంచింది. నీలి చుక్క కణాల్లో పావు వంతు చచ్చిపోయాయి. ఎలుక లెక్క మనిషికి అట్లనే కట్టలేం. అయినా ముప్పై ఏండ్లు రాత్ పాళీ చేసి, పగలు రేకుల ఇంట్లో పిల్లల లొల్లి మధ్య మూడు గంటలు పడుకున్న మనకు ఆ ఎలుకల మీద జాలి కలగక మానదు. ఇప్పుడు పవర్‌లూమ్ మీద పనిచేసే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: రాత్రి పాళీ తప్పదు, కానీ పగటి నిద్ర సమయాన్ని ఇంటివాళ్లందరూ కాపాడాలె. తండ్రి పడుకుంటే కిటికీకి చద్దరు కట్టి, టీవీ బందు చేయాలె. మన ఊరిలో చద్దర్లకు కొదవ లేదు.

ఇక ఆ ఆడబిడ్డ ప్రశ్న.

పాత మిల్లుల్లో లైన్ షాఫ్టు మీద పట్టా తిరిగేది యాది ఉన్నదా? సాంచా ఆపాలంటే షాఫ్టును ఆపరు, పట్టాను లూజు పుల్లీ మీదికి జరుపుతారు. పట్టా తిరుగుతనే ఉంటుంది, సాంచా కదలదు. కలలు వచ్చే నిద్రలో కాడ చేసే పని సరిగ్గా అదే. పై మెదడు కలలో పరుగెత్తుతుంది, కొట్లాడుతుంది. కాడ మధ్య భాగం మాత్రం చేతులు కాళ్లను లూజు పుల్లీ మీద పెట్టి ఉంచుతుంది. ఫ్రాన్సులో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త పిల్లుల మెదడు కాడలో ఆ చోటును చెడగొట్టి చూశాడు. పిల్లి నిద్ర నుంచి లేవకుండానే లేచి నిలబడి, లేని ఎలుకను వేటాడింది. మనుషుల్లో ఇట్లాంటి జబ్బు ఉందని 1986లో అమెరికాలో షెంక్, మహోవాల్డ్ అనే డాక్టర్లు రాశారు. ఎక్కువగా యాభై దాటిన మగవాళ్లు. పగలు శాంతంగా ఉండేవాడు రాత్రి కలలో తన్నుతాడు, మంచం మీద నుంచి పడతాడు.

కాబట్టి అక్కా, అది గాలీ కాదు, మీ ఆయన కోపమూ కాదు. పట్టా లూజు పుల్లీ మీదికి జరగడం లేదు, అంతే.

అంతే అన్నా గానీ తేలికగా వదిలేది కాదు. నిద్ర పరీక్షలో ఈ జబ్బు ఉందని తేలిన 1,280 మందిని ఎన్నో దేశాల డాక్టర్లు కలిసి గమనించి 2019లో లెక్క చెప్పారు. పన్నెండేండ్లలో పదిమందిలో ఏడుగురికి పార్కిన్సన్ జబ్బో, లూయీ బాడీ అనే మరపు జబ్బో, వాటికి చుట్టమైన ఇంకొకటో వచ్చింది. చేతులు వణకకముందే, నడక మందగించకముందే కాడ చెప్పే మాట ఇది. ఇంకో రెండు మాటలు కూడా ముందే చెప్తుందట: వాసన తెలియకపోవడం, మలబద్ధకం. మలబద్ధకం మన వాడల ఎవరికి లేదు గనుక, అదొక్కటే చూసి భయపడకండి. ఇంగువ పోపు వాసన తెలియక, నిద్రలో తన్నుతూ, అడుగు చిన్నదై, రాత కూడా చిన్నదైతే మాత్రం నరాల డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

పోయేముందు ఫోనులో రెండు రాత్రుల వీడియో తీసుకోండి. సిగ్గు పడొద్దు, డాక్టరుకు వెయ్యి మాటల కన్నా అది పనికొస్తుంది. గురక పెట్టి ఊపిరి ఆగే జబ్బు కూడా కొన్నిసార్లు ఇట్లనే కనిపిస్తుంది, మనసు బాగలేనివాళ్లకు ఇచ్చే కొన్ని మాత్రలతో కూడా రావచ్చు. అందుకని వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకొని పోండి. ఏ మాత్రా మీకు మీరే ఆపొద్దు. అప్పటిదాకా పరుపు కింద వేయండి, పక్కన గాజు గ్లాసు, కత్తిపీట, స్టీలు బిందె ఉండొద్దు. కొన్నాళ్లు మీరు వేరే పడుకోండి. ఎవరేమనుకున్నా సరే.

ఇదే వరుసలో ఇంకో ముచ్చట, ప్రాణం మీదికి వచ్చేది. లూయీ బాడీ జబ్బు వచ్చిన ముసలివాళ్లకు లేని మనుషులు కనిపిస్తారు. మంచం మీద ఎవరో పిల్లలు కూర్చున్నారంటారు, మూలన పిల్లి ఉందంటారు. ఒకపూట మనలెక్కనే మాట్లాడతారు, ఇంకోపూట మనిషే వేరు. ఇంట్లోవాళ్లు మొదట భూతవైద్యుని దగ్గరికి, తర్వాత ఏదో దవాఖానకు తీసుకపోతే, అక్కడ గోల ఆపడానికి పిచ్చికిచ్చే గట్టి మందు ఇస్తారు. హాలోపెరిడాల్ లాంటివి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఆ మందులు పడకపోవచ్చు. ఒళ్లు కొయ్యబారిపోతుంది, స్పృహ తప్పుతుంది, ప్రాణం కూడా పోవచ్చు. ఇదివరకు నిద్రలో తన్నేవాడు అన్న ఒక్క మాట ముందే చెప్తే డాక్టరు వేరే తీరుగా ఆలోచిస్తాడు. ఆ మాట తెలిసేది పక్కన పడుకున్న భార్యకే. దవాఖానలో మాట్లాడేది మాత్రం కొడుకో అల్లుడో. "అమ్మా, రాత్రి ఎట్ల ఉంటుండె?" అని ఆమెను అడగండి, ఆమెను మాట్లాడనీయండి.

ఇప్పుడు చెవులు. ఇది మన సొంత ముచ్చట.

షటిల్ సాంచాల షెడ్డులో చప్పుడు 95 డెసిబెల్ దాటడం మామూలు. మన దేశం ఫ్యాక్టరీ నియమాల్లో 8 గంటల పాళీకి హద్దు 90. మేము పనిచేసిన మిల్లులో ఏండ్ల తరబడి చెవులకు ఏమీ ఇయ్యలేదు. కింద పడ్డ దూది తీసి మేమే చెవిలో కుక్కుకునేవాళ్లం. ఉత్త దూది చప్పుడును పెద్దగా ఆపదు. పత్తి మిల్లులో పనిచేసి పత్తిని నమ్మినం, ఏం చేస్తం. పెదవులు చూసి మాట పట్టుకోవడం, చేతితో సైగలు చేయడం మాకు షెడ్డే నేర్పింది.

చప్పుడు చెవిలో పడ్డాక నరం గుండా మొదట చేరేది మెదడు కాడకే. కుడి చెవికి, ఎడమ చెవికి చప్పుడు చేరడంలో సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడా ఉంటుంది. ఆ తేడాను కాడ లెక్క కట్టి, పిలిచినవాడు ఏ పక్కన ఉన్నాడో చెప్తుంది. చెవి లోపలి సన్న వెంట్రుకల కణాలు చప్పుడుకు చస్తే మళ్లీ మొలవవు. ముందు పోయేది సన్నటి చప్పుళ్లు వినేవి. అందుకే ఆడపిల్లల గొంతు, మనుమల గొంతు అందదు. స, ష, త, ప అన్నీ ఒకటే లెక్క వినిపిస్తాయి. "గొంతు వినబడుతది, మాట తెలుస్తలేదు" అని మన రిటైరయినవాళ్లలో ఎంతమంది అనరు! కాడకే సగం మాట చేరితే పై మెదడు మిగతా సగం ఊహించుకోవాలె. ఆ ఊహకే శక్తి అంతా అయిపోతే, విన్నది యాది పెట్టుకోవడానికి ఏం మిగులుతుంది? రెండుసార్లు "ఆఁ?" అంటే కోడలు విసుక్కుంటుంది. మూడోసారి ముసలాయన అడగడమే మానేస్తాడు. పెండ్లిండ్లకు పోడు, చాయ్ హోటలు కట్ట మీదికి రాడు. ఆరు నెలలకు వాడంతా "తాతకు చెత్త పుట్టింది" అంటుంది. పుట్టింది చెవుడు.

అయితే ఆ ఒంటరితనం నిజంగానే తెలివిని తినేస్తుంది. లాన్సెట్ అనే డాక్టర్ల పత్రిక పెట్టిన కమిషన్, మనం చేతనైతే తగ్గించుకోగల మరపు కారణాల్లో వినికిడి పోవడాన్ని 2020లోనూ, 2024లోనూ పెద్దవాటిలో ఒకటిగా రాసింది. చెవి మిషన్ పెడితే మరపు ఆగుతుందా అని అమెరికాలో డెబ్బై దాటినవాళ్ల మీద మూడేండ్లు చూశారు. 2023లో ఫలితం చెప్పారు. అందరినీ కలిపి చూస్తే తేడా రాలేదు. కానీ వయసు మీరి, బీపీ, షుగర్ లాంటివి ఉండి, ముందే ప్రమాదంలో ఉన్నవాళ్లను విడిగా చూస్తే, మిషన్ పెట్టుకున్నవాళ్లకు తెలివి తగ్గే వేగం దాదాపు సగానికి పడింది. మన వాడలో ముసలివాళ్లు ఏ లెక్కలోకి వస్తారో చెప్పాల్సిన పని లేదు.

మిషన్ ఖరీదు ఎక్కువ, నిజమే. 60 దాటి, బీపీఎల్ కార్డు ఉన్నవాళ్లకు, నెల ఆదాయం 15 వేలు మించనివాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కేంద్ర ప్రభుత్వం ఊరికే ఇస్తుంది. 2017 నుంచి ఉన్న పథకం. క్యాంపు పెట్టినప్పుడు ఆధార్, ఆదాయం కాగితం తీసుకపోవాలె. తెచ్చుకున్న మిషన్ మొదటి వారం చెవిలో గరగర అంటుంది. పెట్టెలో పడేయకండి. పాతికేండ్లు అందని చప్పుళ్లు ఒక్కసారి పడితే మెదడుకు అలవాటు కావాలె. రోజుకు గంట చొప్పున పెంచండి. ఇంకా పనిలో ఉన్న పిల్లలకు ఒక మాట: చప్పుడుతో వచ్చిన చెవుడును చట్టం వృత్తి రోగాల జాబితాలో రాసి పెట్టింది, నష్టపరిహారం అడగవచ్చు. రిటైరయ్యేముందు వినికిడి పరీక్ష చేయించుకొని ఆ కాగితం దాచుకోండి. మాకు ఆ సంగతి చెప్పినవాడు లేడు.

బీపీ గురించి ఎన్నోసార్లు రాసిన, మళ్లీ పొడుగు చేయను. కాడలోకి పోయే నరాలు, రక్తనాళాలు దారం లెక్క సన్నగా ఉంటాయి. బీపీ ఏండ్ల తరబడి ఎక్కువ ఉంటే ఆ నాళాలు గట్టిబడి మూసుకుంటాయి, కొన్నిసార్లు పగులుతాయి. కాడలో పగిలితే అరచేతి మందం చోటు కూడా లేదు, అన్నీ ప్రాణం పట్టుకున్న తావులే. మాత్ర రోజూ వేసుకోండి.

పక్షవాతం వచ్చినవాళ్లకు మాత్రం ఒక్క జాగ్రత్త. మింగడం కాడ పని అని పైన రాసిన కదా. అది దెబ్బతింటే అన్నం, నీళ్లు ఊపిరి గొట్టంలోకి పోతాయి. చాలామంది పక్షవాతంతో కాదు, ఆ తర్వాత వచ్చే నిమ్మువుతో పోతారు. దవాఖాన నుంచి తెచ్చిన రోజే చుట్టాలందరూ పండబెట్టి నోట్లో నీళ్లు పోస్తారు, ప్రేమతోనే. పోయొద్దు. మింగగలడా లేదా డాక్టరును అడిగి, సరే అన్నాకనే నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొంచెం కొంచెం పెట్టాలె. తిన్నాక అరగంట పండబెట్టొద్దు. తినేటప్పుడు దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగర అన్నా ఆపేసి డాక్టరుకు చెప్పాలె.

ఆ ఆడబిడ్డ మొన్న ఆదివారం డాక్టరమ్మకు ఫోనులో వీడియో చూపించింది. నరాల డాక్టరుకు చిట్టీ రాసిచ్చిన్రు. తాయెత్తు తీయలేదట, ఉంటే ఉండనీ అన్నది డాక్టరమ్మ.

వచ్చే నెల ఈపీఎస్ పింఛను వాళ్ల జీవన్ ప్రమాణ్ ముచ్చట రాస్తా. వేలిముద్ర పడనివాళ్లు మస్తుమంది ఉన్నారు. సాంచాల మీద వేళ్లు అరిగినవాళ్లకు మిషన్ మీద ముద్ర ఎట్ల పడుతుంది? మీకు ఎక్కడ ఆగిందో చీటీ రాసి సంఘం ఆఫీసులో ఇచ్చి పోండి.